దినార్ కాయ

ఫిబ్రవరి 8, 2009. ఆదివారం

బాబాయిని ఇండియా విమానం ఎక్కించి వచ్చాం. వాళ్ళన్నయ్య కూతురి పెళ్ళి, ఆ తర్వాత చిన తిరుపతి మొక్కు, అన్నీ చూసుకుని ఏప్రిల్‌లో వస్తాడు.

లోపలికి వెళ్ళేముందు అలవాటు ప్రకారం పిన్ని జుట్టు పక్కకు తప్పించి, కుడిచెవి వెనకున్న కాయని బొటనవేలితో నిమిరాడు. అందరి ముందూ. మా వెనక ట్రాలీతో నిలబడ్డ మలయాళీ నర్సు మొహం తిప్పుకుంది.

"ఏవండీ, అది నా తలండీ. హుండీ కాదు," అంది పిన్ని.

"తల నీదే చంద్రం. కాయ మాత్రం ఉమ్మడిది."

ఇదివరకైతే పిన్ని నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

దినార్ కాయ అన్నది ఆయన పెట్టిన పేరే. కువైట్ యుద్ధం అయిపోయాక వీసా వచ్చిన నెలలోనే అది శనగ్గింజంత లేచిందట. కాయ పెరిగినకొద్దీ బాబాయి కూడా పెరిగాడు. గోడౌన్లో పెట్టెలు మోసేవాడు స్టోర్‌కీపరయ్యాడు, ఆ తర్వాత షర్క్‌లోని ఆఫీసులో ఏసీ కింద కుర్చీ వచ్చింది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం రెన్యువల్ ఫైలు పట్టుకుని బయల్దేరేటప్పుడల్లా దాన్ని ముట్టుకోవాల్సిందే. ఇప్పుడది ఉసిరికాయంత ఉంది. వాళ్ళింట్లో ఉంటూ మూడేళ్ళుగా రోజూ చూస్తున్నదాన్ని, ఎమ్మెస్సీ చదివినదాన్ని, పగలంతా ల్యాబులో మనుషుల గడ్డలు ముక్కలు కోసేదాన్ని, ఒక్కసారైనా "బాబాయ్, డాక్టరుకి చూపిద్దాం" అని గట్టిగా అనలేదు. మెల్లిగా అన్నాను. మెల్లిగా అన్నది లెక్కలోకి రాదు.

టాక్సీ హవల్లీ మలుపు తిరుగుతుంటే పిన్ని కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"దుర్గా, మీ ల్యాబ్ కింద క్లినిక్కులో కోసే డాక్టరు రోజూ ఉంటాడటే?"

ఫిబ్రవరి 9

దీపావళి నుంచి దువ్వెనకి రక్తం అంటుకుంటోందట. కడిగేసి పెట్టేదట. స్నానాలగదిలోకి ఉన్నట్టుండి నల్ల తువ్వాలు ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది. అది చూసి నేను పిన్నికి రంగుల మీద మోజు పోయిందనుకున్నాను. గుమ్మంలో విడిచిన చెప్పుల అరుగుదల చూసి మనిషి నడక చెప్పగలనని గొప్పలు పోతాను కదా. ఇది మాత్రం చూడలేదు.

"బాబాయికి చెబుదామా పిన్నీ?"

"చెబితే కోయనిస్తారా? ఆయనొచ్చేసరికి జుట్టు కమ్మేస్తుంది. అప్పుడాలోచిద్దాం."

ఇన్నేళ్ళుగా ఉన్నదే కదా. మామూలు కాయే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 12

తీసేశారు. మత్తు అక్కడి వరకే ఇచ్చారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని డాక్టరుతో వచ్చీరాని హిందీలో మాట్లాడుతూనే ఉంది, కువైట్‌లో చేపల ధరల గురించి. కుట్ల మీద తెల్లగుడ్డ. చున్నీ కప్పుకుంటే తెలియదు.

నేను పైకి ల్యాబులోకి వచ్చి కూర్చున్న గంటకి సీసా నా బల్ల మీదికే వచ్చింది. చంద్రావతి, ఆడ, తల చర్మం. ఫార్మలిన్లో తేలుతూ ఉంది. ఇన్నేళ్ళు బాబాయి బొటనవేలి కింద నునుపుగా ఉన్నది సీసాలో చూస్తే ఎవరిదో అన్నట్టుంది.

మా పిన్ని అని ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత ఏముంది.

ఫిబ్రవరి 15

డాక్టర్ నాహిద్ ఈజిప్టావిడ. ఏలక్కాయ నములుతూ మైక్రోస్కోపు చూస్తుంది. తేలిపోయిన స్లైడయితే సన్నగా ఏదో పాట కూనిరాగం తీస్తుంది. పాట లేకపోతే అనుమానం. ఈ మూడేళ్ళలో ఆవిడ రిపోర్టు రాయకముందే పాటను బట్టి నాకు తెలిసిపోయేది.

ఇవాళ పాట లేదు.

"చెమట గ్రంథిలో పుట్టిన గడ్డ," అంది. "మధ్యలో అంతా బుద్ధిగా ఉంది. ఈ అంచు చూడు. ఇక్కడ నాకు నచ్చలేదు."

చూశాను. మిగతా కణాలన్నీ గుంపులు గుంపులుగా కూర్చున్నాయి. ఆ మూల మాత్రం కొన్ని వరస తప్పి కిందికి దిగుతున్నాయి. కోసిన గీత దాకా ఉన్నాయి.

"చెడ్డదా డాక్టర్?"

"చెప్పలేను. మన స్టడీలో దీన్ని కూడా కలుపు. పి53 ఎంత పడుతుందో చూద్దాం. రిపోర్టు ఆలోపు ఆపుతాను."

స్టడీ అంటే ఆవిడ రాస్తున్న పేపరు. చెమట గ్రంథుల గడ్డలు, మంచివీ చెడ్డవీ, బీరువాలో మైనంలో దాచిన పాత ముక్కలన్నీ తీసి, వాటిలో పి53 అనే ప్రోటీన్ ఎంత ఉందో చూడటం. చివర్లో సాయం చేసినవాళ్ళ వరసలో నా పేరు వేస్తానంది. ఆ ఒక్క లైను కోసం నెల రోజులుగా ల్యాబులో పొద్దుపోయేదాకా ఉంటున్నాను. ఈ ఉద్యోగంలోంచి ఎక్కడికైనా పోవాలంటే అలాంటి లైనొకటి కావాలి. ఎక్కడికి పోవాలో అది వేరే సంగతి.

ఫిబ్రవరి 17

ఆ ప్రోటీన్ సంగతి రాసుకుంటే గానీ నాకే తేలడం లేదు.

అది కణానికి కాపలా. కణం దారి తప్పబోతే ఆపుతుంది. అంటే ఎక్కువ ఉంటే మంచిదనే కదా ఎవరైనా అనుకుంటారు? కాదు. బాగున్న కణంలో అది కంటికి ఆనదు. వచ్చి, పని చూసుకుని, కరిగిపోతుంది. చెడిపోయినప్పుడే కరగకుండా పేరుకుంటుంది. అప్పుడు మన మందుకి గోధుమరంగు తిరుగుతుంది. మా బిల్డింగ్ హారిస్, అదే వాచ్‌మన్, నాగన్నని లాబీలో చూశామంటే లిఫ్టు చెడిందన్నమాటే, ఇదీ అంతే.

పోనీ అదైనా నిలకడగా ఉందా అంటే, లేదు. స్టడీ స్లైడ్ల మీద నంబర్లే ఉంటాయి, ఏది మంచిదో ఏది చెడ్డదో నాకు చెప్పరు. రంగు చూసి నాలో నేను ఊహించి పెట్టుకుంటాను. మొన్న డాక్టర్ లెక్క విప్పి చూపించింది. ముదురు గోధుమరంగు చూసి నేను చెడ్డవనుకున్న వాటిలో రెండు, ఎప్పుడో కోయించుకుని ఈనాటికీ హాయిగా తిరుగుతున్న మనుషులవి. రంగే పట్టలేదని నేను మంచి మార్కులు వేసిన ఒకదాని మనిషి ఇప్పుడు లేడు.

"మరి ఇదంతా ఎందుకు డాక్టర్?"

"యాభై మంది గురించి ఒక మాట చెప్పడానికి, హబీబ్తీ. ఒక్కరి గురించి కాదు."

ఆ ఒక్కరు కుట్లతో ఇంట్లో కూర్చుని గోంగూర వలుస్తున్నారు.

ఫిబ్రవరి 18

బాబాయి ఫోను. పెళ్ళి బాగా జరిగిందట. మాట మధ్యలో చెప్పాడు, ఆఫీసునుంచి సాయిరామ్ ఫోన్ చేశాడట, కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారట, ఈసారి బాబాయి ఇఖామా కాగితం మీద పూచీ ఉండే కఫీల్ ఇంకా సంతకం పెట్టలేదట.

"కంగారేం లేదు చంద్రం. కాయకి రోజూ కాస్త కొబ్బరినూనె రాస్తున్నావా?"

పిన్ని ఎడంచెయ్యి తలగుడ్డ మీద ఉంది.

"రాస్తున్నానండీ."

"చల్లగా చూసుకో. మిగతాది అదే చూసుకుంటుంది."

ఫోను పెట్టేసి చాలాసేపు స్టవ్ వెలిగించలేదు. "కోసిన వారానికే," అంది. తర్వాత ఇంకోసారి, గోడకి చెబుతున్నట్టు, "వారానికే."

"పిన్నీ, ప్రపంచమంతా ఉద్యోగాలు తీసేస్తున్నారు. అమెరికా వాళ్ళందరి తలల మీదా ఎవరైనా కాయలు కోశారా?"

"నాకు తెలుసే. నేను తొమ్మిది చదివాను, నాకా మాత్రం తెలుసు." గోంగూర కట్ట తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. "తెలిసినా గుండె దడ తగ్గదు."

ఫిబ్రవరి 19

కుట్లు విప్పారు. కింద క్లినిక్కు డాక్టరు అన్నాడు, పైనుంచి రిపోర్టు రానివ్వండి, అవసరమైతే చుట్టూ ఇంకాస్త తీయాలి, వచ్చే గురువారానికి టైము రాసి ఉంచుతున్నాను అని.

మెట్ల మీద పిన్ని ఆగిపోయింది. "ఇంకోసారి నేను తల వంచను దుర్గా. చెడ్డదని నువ్వు ఖాయంగా చెప్పు, వంచుతాను. కాకపోతే కాదని చెప్పు. ఆ డాక్టర్లు తలో మాటా అంటారు, నాకొద్దు. నువ్వు చెప్పు."

నేనా?

ఫిబ్రవరి 22

ఇవాళ రంగు వేశాను. పిన్నిదీ, స్టడీవి మిగిలినవీ కలిపి.

స్లైడ్లని ముందు కుక్కర్లో ఉడికించాలి. హవల్లీలో కొన్న మన కుక్కరే, పప్పు వండుకునేది. మూడో విజిల్‌కి రజియా బీ తుడుపుకర్రతో లోపలికొచ్చింది. ఆవిడది రాయచోటి పక్క. ల్యాబంతా ఊడ్చి, అందరికీ చాయ్ పెట్టి, అందరి మీదా జోకులేస్తుంది.

"ఏం పాపా, మల్లా పెట్నావా కుక్కరు? ఎప్పుడు జూసినా ఈలలే గానీ ఒగ పూటన్నా పప్పు పెట్టింది ల్యా."

"తింటావా రజియా బీ? గడ్డల పులుసు."

"తూ! మొగం జూసుకో, అద్దంలో. రాత్రి నిద్ర బోలేదా యేంది?"

మామూలుగానే చేశాను. ప్రతి స్లైడు చివరా ఒక సాక్షి ముక్క అంటిస్తాం. రంగు తప్పకుండా పడుతుందని ముందే తెలిసిన ముక్క. అదీ పెట్టాను. గోధుమరంగు మందు వేశాక టైమర్ మోగేదాకా ఉంచి, మోగగానే అన్నిటినీ నీళ్ళలో ముంచాలి. ముంచితే రంగు అక్కడితో ఆగిపోతుంది.

అన్నీ ఒకేసారి ముంచాను.

పిన్నిది చాలా లేతగా ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు. మామూలు కాయే.

ఫిబ్రవరి 23

డాక్టర్ నాహిద్ సెలవులో ఉంది, మార్చి ఒకటికి గానీ రాదు. ఆవిడ చూడకుండా ఇంట్లో చెప్పకూడదు. చెప్పాను.

"తక్కువే ఉంది పిన్నీ."

"అంటే మంచిదే కదా?"

"తక్కువుంది."

పిన్ని అప్పటికప్పుడు కింద క్లినిక్కుకి ఫోన్ చేసి గురువారం రానని చెప్పేసింది. వచ్చి నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. సాయంత్రం పులిహోర, పెరుగావడ. బాబాయి ఫోన్ చేస్తే నవ్వుతూ మాట్లాడింది. "కాయ భేషుగ్గా ఉందండీ," అంది.

పులిహోర బాగా కుదిరింది. నేను తిన్నాను కూడా.

ఫిబ్రవరి 24

ఒకేసారి అంటే, దాదాపు.

ఫిబ్రవరి 25

సెలవు. జాతీయ దినం. కింద రోడ్డంతా జెండాలు, కార్ల హారన్లు, పిల్లలు నురగ చిమ్ముకుంటున్నారు. పిన్ని బాల్కనీలోంచి చూసి నవ్వుతోంది. చున్నీ తీసేసింది. చెవి వెనక బోడి జాగాలో గాయం ఎర్రగా, చక్కగా మానుతోంది.

మానుతున్నది పైన చర్మం.

ఫిబ్రవరి 27

స్టడీ స్లైడ్లు మూడు ఒక చేతిలో ఉన్నాయి, పిన్నిది ఇంకో చేతిలో ఉంది. ఆ చెయ్యి నీళ్ళ గిన్నెకి దగ్గరగా ఉంది. అంతే. ఎవరికైనా ఒక చెయ్యి దగ్గరగా ఉంటుంది.

మార్చి 1, ఆదివారం

డాక్టర్ వచ్చింది. స్లైడ్లన్నీ వరసగా చూసింది. పిన్నిది పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఏలక్కాయ నమలడం ఆపేసింది.

"ఇటు రా. దీని సాక్షి ముక్క చూడు."

చూశాను. నేను ముందే చూసి ఉండాల్సింది. పిన్ని ముక్క మీదే కళ్ళు పెట్టుకుని పక్కనున్న సాక్షి వైపు చూడనే లేదు.

"మిగతా అన్నిటిలో సాక్షి కాఫీ రంగు," అంది. "దీంట్లో మన రజియా చాయ్ రంగు, అది కూడా పాలెక్కువైన చాయ్. సాక్షే పాలిపోతే ఆ ముక్క మాట నేనెలా నమ్మాలి? మళ్ళీ చెయ్యి."

తిట్టలేదు. తిట్టుంటే నాకూ ఏదో ఒక మాట దొరికేది.

తలుపు దాకా వెళ్ళాక పిలిచింది. "వెంకటదుర్గా. ఈ చంద్రావతి నీకేమవుతుంది?"

"మా పిన్ని. అమ్మ చెల్లెలు. వాళ్ళింట్లోనే ఉంటాను."

"ముందే చెబితే దాన్ని నీ చేతికిచ్చేదాన్ని కాదు."

"ఇప్పుడు ఎవరికిస్తారు?"

ఆవిడ చుట్టూ చూసింది. రంగులు వేసేది ఈ ల్యాబులో నేనొక్కదాన్నే. "నీకే," అంది. "యల్లా, పద."

మార్చి 2

రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు.

మందు వేశాక మైక్రోస్కోపు కింద చూస్తూ ఉన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఆ మూలన, వరస తప్పి దిగుతున్నాయని రాశానే, అక్కడ చుక్కలు చుక్కలుగా మొదలైంది. పొయ్యి మీద పాలు అంచున బుడగలు కట్టినట్టు. నా చెయ్యి నీళ్ళ వైపు వెళ్ళిపోయింది. టైమర్ మోగలేదు. నేను ఆలోచించి చేశానని చెప్పలేను. ఆలోచించకుండా చేశానని కూడా చెప్పలేను. పాలు పొంగబోతే స్టవ్ కట్టేసే చెయ్యి అది.

పాలైతే ఆగుతాయి. ఇక్కడ నేను కట్టేసింది స్టవ్ కాదు, దీపం.

పిన్ని గురువారం వెళ్ళలేదు. నా మాట మీద.

మార్చి 3

మళ్ళీ కుక్కరు. మళ్ళీ రజియా బీ.

"ఏం పాపా, మాడిందా మొన్నటి కూర?"

"మాడలేదు రజియా బీ. ఉడకలేదు."

"ఉడక్కుండానే దించితివా? అత్తగారింట్లో అయితే తెలుస్తాది నీకు."

మందు వేశాను. మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళలేదు. టైమర్ మోగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. బళ్ళో పంతులు నిలబెట్టినట్టు. మోగింది. అన్నిటినీ ఒకే బుట్టలో పెట్టి ముంచాను. ఈసారి నిజంగా ఒకేసారి.

సాక్షి కాఫీ రంగు.

పిన్నిది కూడా.

మార్చి 5

పిన్నిది కూడా అని రాసి రెండు రోజులు డైరీ ముట్టుకోలేదు. ఇవాళ డాక్టర్ లెక్కపెట్టింది. వందలో ముప్పై కణాలకి రంగు.

"అయితే చెడ్డదే," అన్నాను.

"కూర్చో." స్టడీ బొమ్మ తీసింది. ఒక పక్క మంచి గడ్డలు, ఒక పక్క చెడ్డవి, ఒక్కో గడ్డకి ఒక్కో చుక్క. చెడ్డవి చాలావరకు పైన ఉన్నాయి. మంచివి చాలావరకు కింద. మధ్యలో రెండు గుంపులూ కలిసిపోయిన జాగా ఒకటుంది. డాక్టర్ పెన్ను సరిగ్గా అక్కడ పెట్టింది. "మీ పిన్ని ఇక్కడుంది."

"అంటే?"

"అంటే ఈ రంగు నాకేమీ చెప్పలేదు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా. దేన్ని ఆపాలని చెయ్యి పెట్టానో అది అసలు ఏ మాటా చెప్పేదే కాదట. నేను దొంగిలించింది ఖాళీ పెట్టె.

"మొదటిసారే సరిగ్గా చేసి ఉన్నా మీరు ఇదే చెప్పేవారా?"

"ఇదే చెప్పేదాన్ని. నాలుగు రోజుల ముందు." బొమ్మ పక్కన పెట్టి, "నేను రిపోర్టు రాసేది అంచుని చూసి. గడ్డ కోసిన గీతని తాకుతోంది, అంటే లోపల కొంత మిగిలుండొచ్చు. దాని బుద్ధి ఏమిటో ఖాయంగా తెలియదు. అందుకని చుట్టూ వెడల్పుగా మళ్ళీ తీయాలి. ఖలాస్. ఇది చెప్పడానికి ఏ ప్రోటీనూ అక్కర్లేదు."

చెప్పాల్సింది నేను.

మార్చి 6, శుక్రవారం

పొద్దున్నుంచీ దుమ్ము. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. ఎదురు బిల్డింగు కనబడటం లేదు.

చెప్పాను. చెయ్యి సంగతి కూడా చెప్పాను, టైమర్ మోగకముందే ముంచానని.

పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే ఉంది.

"అయితే నువ్వు అబద్ధం చెప్పావు."

"తక్కువుందన్నాను. తక్కువ చేసింది నేనే."

"ఇప్పుడు చెడ్డదంటున్నావా?"

"తెలియదు."

"మంచిదా?"

"తెలియదు పిన్నీ."

చేట కింద పెట్టేసింది. "తెలియదని చెప్పడానికా మా అక్క పొలం కౌలుకిచ్చి నిన్ను చదివించింది? మా ఊరి ఆచారిగారు నాడి పట్టుకుని ఏదో ఒకటి చెప్పేవాడు. తప్పయినా చెప్పేవాడు. నేను మీ బాబాయికి ఫోన్లో రోజూ కాయ భేషుగ్గా ఉందని చెబుతున్నానే, నూనె రాస్తున్నానని చెబుతున్నానే! మొదటిసారి కోస్తే సంతకం ఆగింది. రెండోసారి కోస్తే ఏం ఆగుతుంది, చెప్పు. అదీ తెలియదా?"

ఎక్కడో కారు అలారం మోగుతోంది, దుమ్ముకి.

పిన్ని గొంతు తగ్గించి అడిగింది. "నీ తలయితే ఏం చేస్తావు?"

"కోయించుకుంటాను."

"వెంటనే చెప్పేశావే. ఇందాకట్నుంచీ తెలియదు తెలియదు అంటున్నావు."

"అదొక్కటే తెలుసు."

పిన్ని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. ఒక రాయి ఏరి నా చేతిలో పెట్టింది. అవతల పారేయమని.

మార్చి 8

పిన్ని అన్నం పెట్టింది. నా కంచంలో నెయ్యి వేయలేదు. నెయ్యి వేయకపోవడం ఈ ఇంట్లో తిట్టు.

మార్చి 10

పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "ఆ కోసే డాక్టరుకి గురువారం కుదురుతుందేమో అడుగు."

నెయ్యి ఇంకా లేదు.

మార్చి 12

రెండోసారి. ఈసారి వెడల్పుగా. కుడిపక్క సగం తల గొరిగారు. పిన్ని చేపల గురించి మాట్లాడలేదు. కళ్ళు మూసుకుని పడుకుంది. నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి కంటే గట్టిగా పట్టుకుందో, మెల్లిగా పట్టుకుందో ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు.

సీసా పైకొచ్చింది. దాన్ని నేను ముట్టలేదు. డాక్టర్ నాహిద్ తనే చేతికి గ్లౌజులు వేసుకుని కోసింది.

మార్చి 16

అంచులు శుభ్రం. నాలుగు పక్కలా శుభ్రం. లోపల ఒక మూల పాత గడ్డ చిన్న ముక్క మిగిలి ఉందట, అదీ పూర్తిగా వచ్చేసింది.

డాక్టర్ పాట తీసింది. సగం పాటే. గడ్డ పేరు దగ్గర మాత్రం 'స్వభావం ఖాయంగా చెప్పలేం' అనే రాసింది. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి.

వదిలేసి ఉంటే ఆ మిగిలిన ముక్క ఏం చేసేది? ఏమీ చేసేది కాదేమో. అన్నీ చేసేదేమో. నేను పులిహోర తిన్న రోజు అది అక్కడే ఉంది.

రాత్రి అన్నంలో నెయ్యి.

మార్చి 29

బాబాయి ఫోను. సంతకం కాలేదు. ఇఖామా గడువు దగ్గరపడుతోంది. మొక్కు మాత్రం బాగా తీర్చుకున్నాడట. "వచ్చాక చూద్దువుగాని," అన్నాడు. ఏం చూడాలో చెప్పలేదు. ఈవిడా ఏం చూపించాలో చెప్పలేదు. ఇద్దరూ ఫోను రెండు చివర్లా నవ్వారు.

ఏప్రిల్ 5, ఆదివారం

ఎయిర్‌పోర్టు గాజు తలుపుల్లోంచి బాబాయి వచ్చాడు. గుండు. కొబ్బరిచిప్పలా మెరుస్తోంది.

పిన్ని చున్నీ సర్దుకుంది. ఆయన ట్రాలీ వదిలేసి దగ్గరికొచ్చి, నేను భయపడ్డట్టే, చెయ్యి చున్నీ కిందికి పోనిచ్చాడు. బొటనవేలు వెళ్ళి ఆగిపోయింది. ఇంకొంచెం వెతికింది. చున్నీ జారింది. సగం బోడి తల ఒకటి, పూర్తి బోడి తల ఒకటి ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. పక్కన ఎవరో మన కడప మనిషి, "ఇద్దురూ కొండకి పోయొచ్చినారే, ఆయమ్మ సగంలో లేసొచ్చినట్టుంది," అన్నాడు తన పక్కవాడితో. ఇంకెప్పుడైనా అయితే నేను పడి పడి నవ్వేదాన్ని.

"ఎప్పుడు?" అన్నాడు బాబాయి.

"మీరు వెళ్ళిన వారమేనండీ. రక్తం వచ్చేది. చెబితే ఒద్దంటారని."

టాక్సీ ఎక్కాం. హవల్లీ మలుపులో అన్నాడు, "నేను దానికోసమే గుండు మొక్కుకున్నాను చంద్రం. అది చల్లగా ఉండాలని."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగేదాకా అరవలేదు. అరుస్తాడని ఎదురుచూడటం అరుపు కంటే కష్టంగా ఉంది. గ్లాసు పెట్టి నన్ను పిలిచాడు.

"మంచిదా చెడ్డదా?"

"తెలియదు బాబాయ్. మా డాక్టరుకీ తెలియదు. పూర్తిగా తీసేశారు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. అంతవరకు తెలుసు."

"దాన్నేం చేశారు? పారేశారా?"

"పారేయరు. మైనంలో పెట్టి ల్యాబ్ బీరువాలో దాస్తాం."

"దాస్తారా? ఎన్నాళ్ళు?"

"మా ల్యాబులో పదేళ్ళు."

"ఎక్కడ, ఇక్కడే? ఇండియా పంపేస్తారా?"

"ఇక్కడే. హవల్లీలోనే, మన వెనక వీధిలో."

బాబాయి గుండు నిమురుకున్నాడు. ఒకసారి పిన్ని వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"చూశావటే చంద్రం! ఇన్నేళ్ళు ఈ ఎండలో చాకిరీ చేస్తే నాకు ఏనాడూ రెండేళ్ళకి మించి ఇఖామా కొట్టలేదు. నీ కాయకి ఏకంగా పదేళ్ళు కొట్టేశారే! కఫీలూ అక్కర్లేదు, సంతకమూ అక్కర్లేదు!"

పిన్ని నవ్వింది. గాయం లాగి, తల పట్టుకుని, "అబ్బా, నవ్వించకండీ," అంటూ నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నాకు కనబడలేదు. కాఫీ గ్లాసులు లోపలికి తీసుకెళ్ళాను.

ఏప్రిల్ 6

బాబాయి ఇవాళ ఫైలు పట్టుకుని షర్క్ ఆఫీసుకి వెళ్ళాడు. ఇది రాసేటప్పటికి ఫోను రాలేదు. సంతకం అయిందో లేదో తెలియదు.

పొద్దున గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకున్నాక, చెయ్యి అలవాటుగా పైకి లేచింది. సగంలో ఆగిపోయింది. ఎక్కడ దించాలో తెలియక గాలిలోనే ఉంది. ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన ముందు నిలబడి, చున్నీ తీసి తల వంచింది.

"కాయ పోతే ఏమండీ. తలుంది కదా."

ఆయన అరచెయ్యి మొత్తం ఆనించాడు. బోడి జాగా మీదా, జుట్టు మీదా కలిపి.